వెబ్‌సైట్ ఫైళ్ల సురక్షిత బదిలీ: ఎన్‌క్రిప్టెడ్ టన్నెల్ చరిత్ర (1971–2024)

పరిచయం

వెబ్‌సైట్ అనగానే తెర మీద కనిపించే పేజీలు మనకు గుర్తుకొస్తాయి. నిజానికి ఆ పేజీలన్నీ ఎక్కడో ఒక సర్వర్‌లో భద్రపరిచిన ఫైళ్లు. సైటు నడిపేవారు తమ కంప్యూటర్లో పేజీని తయారుచేసి, నెట్‌వర్క్ మీదుగా ఆ సర్వర్‌కు పంపుతారు. పంపే ముందు తామెవరో రుజువు చేసుకోవాలి కాబట్టి యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇస్తారు. ఆ పాస్‌వర్డ్ దారిలో మరొకరి చేతికి చిక్కితే వారు ఆ సైటులోని ఏ పేజీనైనా మార్చగలరు, తుడిచివేయగలరు, సైటు చూడటానికి వచ్చినవారి కంప్యూటర్లలోకి హానికరమైన ప్రోగ్రామును దించగలరు. అందుకే ఫైలు ప్రయాణించే దారిని కప్పి ఉంచాల్సి వచ్చింది. అలా కప్పిన దారినే ఎన్‌క్రిప్టెడ్ టన్నెల్ అంటారు. మనం దీన్ని సొరంగం అని కూడా పిలుచుకుందాం.

ఈ పాఠాన్ని చదివేటప్పుడు మూడు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చూడండి. రహస్యాన్ని బహిరంగ మార్గంలో పంపడానికి కావలసిన గణితం 1976లో అచ్చయింది. మామూలు వాడుకరి చేతికి అందిన సొరంగం 1995లో వచ్చింది. పాస్‌వర్డును బట్టబయలుగా పంపే పాత పద్ధతికి ప్రధాన బ్రౌజర్లు 2021లో స్వస్తి చెప్పాయి. సాంకేతిక చరిత్రను ఆవిష్కరణల పట్టికగా చదివితే ఈ ఎడం ఎందుకు ఏర్పడిందో తెలియదు. కనిపెట్టిన నాటికీ వాడుకలోకి వచ్చిన నాటికీ మధ్య గడిచిన కాలంలో ఏం జరిగిందన్నదే ఇక్కడ మనం పరిశీలించవలసిన విషయం.

నమ్మకం మీద నడిచిన నెట్‌వర్క్

ఫైళ్ల బదిలీకి తొలి నియమావళిని రాసినవారు భారతీయుడు. అభయ్ భూషణ్ అలహాబాదులో పుట్టి, ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో 1965లో పట్టా పుచ్చుకుని, అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరారు. ఆయన 1971 ఏప్రిల్‌లో ఆర్‌ఎఫ్‌సీ 114 అనే పత్రంలో ఫైల్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్ తొలి రూపాన్ని ప్రతిపాదించారు. దాన్నే మనం ఎఫ్‌టీపీ అంటున్నాం. ఆ రోజుల్లో ఇంటర్నెట్ లేదు. దాని పూర్వరూపమైన అర్పానెట్‌లో కొన్ని విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు మాత్రమే ఉండేవి. అక్కడ పనిచేసేవారికి ఒకరి పేరు మరొకరికి తెలుసు. వారి ముందున్న సమస్య దొంగల గురించినది కాదు. ఒక్కో సంస్థ యంత్రం ఒక్కో తయారీది, అక్షరాలను దాచుకునే పద్ధతి కూడా వేర్వేరు. ఒక యంత్రంలోని ఫైలు మరో యంత్రంలో సరిగా తెరుచుకుంటే అదే గొప్ప విజయం.

ఈ నియమావళి తర్వాత చాలాసార్లు మారింది. 1985 అక్టోబరులో జాన్ పోస్టెల్, జాయిస్ రేనాల్డ్స్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 959 దానికి స్థిరరూపం ఇచ్చింది. అందులోని రెండు లక్షణాలను గుర్తుపెట్టుకోండి, ముందు ముందు వీటితో పని ఉంది. ఒకటి, యూజర్ పేరు, పాస్‌వర్డు రెండూ ఉన్నవి ఉన్నట్టుగా, మామూలు అక్షరాల్లోనే ప్రయాణిస్తాయి. రెండోది, ఎఫ్‌టీపీకి రెండు దారులు కావాలి. ఆజ్ఞలు ఒక దారిలో, అసలు ఫైలు మరో దారిలో వెళతాయి. ఆజ్ఞల దారి సర్వర్‌లోని 21వ పోర్టుకు చేరుతుంది. పోర్టు అంటే ఒకే యంత్రంలో వేర్వేరు సేవలకు కేటాయించిన ద్వారం సంఖ్య అనుకోవచ్చు. దూరంగా ఉన్న యంత్రంలోకి ప్రవేశించి పనిచేయడానికి వాడే టెల్నెట్‌కు 23వ పోర్టు. అందులోనూ పాస్‌వర్డు దాపరికం లేకుండానే వెళుతుంది.

రచ్చబండ దగ్గర మాట

1973లో జెరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్కాఫ్, డేవిడ్ బాగ్స్ రూపొందించిన ఈథర్‌నెట్ 1980లలో కళాశాలల్లో, కార్యాలయాల్లో విస్తరించింది. దాని తొలి రూపంలో ఒకే తీగకు అనేక యంత్రాలను తగిలించేవారు. ఒక యంత్రం పంపినది తీగ మీదున్న అన్ని యంత్రాలకూ చేరేది. తనది కానిదాన్ని ప్రతి యంత్రం వదిలేయాలి, అదే నియమం. రచ్చబండ దగ్గర ఒకరిని పేరుపెట్టి పిలిచి చెప్పిన మాట అందరి చెవినా పడుతుంది కదా! మర్యాదస్తులు పట్టించుకోరు, అంతే. మర్యాద మానేసి అన్నీ వినమని యంత్రానికి చెప్పడం చాలా తేలిక. అలా విని పాస్‌వర్డులను ఏరి పెట్టుకునే ప్రోగ్రాములకు స్నిఫర్లు అని పేరు.

1983లో బర్కిలీ విశ్వవిద్యాలయం విడుదల చేసిన యూనిక్స్ రూపంలో ఆర్‌లాగిన్, ఆర్‌ఎస్‌హెచ్, ఆర్‌సీపీ అనే ఆజ్ఞలు వచ్చాయి. వీటిలో సౌకర్యం మరింత ఎక్కువ. ఫలానా యంత్రం నుంచి వచ్చినవారిని పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి రానివ్వమని ఒక ఫైల్లో రాసిపెట్టుకుంటే చాలు. పక్కింటివారికి తాళంచెవి ఇచ్చి ఊరెళ్లినట్టుండే ఏర్పాటు ఇది. 1988 నవంబరు 2న కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన ప్రోగ్రాము ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి పాకడానికి వాడుకున్న మార్గాల్లో ఈ పరస్పర నమ్మకం కూడా ఒకటి. ఆ సంఘటన తర్వాతే కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సెర్ట్ అనే అత్యవసర స్పందన కేంద్రం ఏర్పడింది. అయినా ఆర్ ఆజ్ఞలను ఎవరూ మానలేదు. అవి అంత సుఖంగా ఉండేవి.

గణితం ఉంది, సాధనం లేదు

1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ ఒక వ్యాసం ప్రచురించారు. ముందు పరిచయం లేని ఇద్దరు అందరూ వింటుండగానే మాట్లాడుకుని, చివరకు తమ ఇద్దరికే తెలిసిన ఒక సంఖ్యను ఏర్పరచుకోవచ్చని అందులో నిరూపించారు. వేల ఏళ్ల గూఢలిపి చరిత్రలో ఇది పెద్ద మలుపు. అంతవరకు రహస్యంగా మాట్లాడుకోవాలంటే ముందే ఎక్కడో కలిసి కీ ఇచ్చిపుచ్చుకోవాల్సి వచ్చేది. ఆ మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఏడెల్మన్ ముగ్గురూ ఆర్‌ఎస్‌ఏ పద్ధతిని రూపొందించారు. బ్రిటన్ గూఢచార సంస్థలో పనిచేసిన జేమ్స్ ఎలిస్, క్లిఫర్డ్ కాక్స్, మాల్కమ్ విలియమ్సన్ ఇలాంటి ఫలితాలనే ఇంకా ముందుగా సాధించారని 1997లో బయటపడింది. వారి పని పెట్టెలో ఉండిపోయింది కనుక ఈ కథపై దాని ప్రభావం లేదు.

మరి ఇరవై ఏళ్లు ఎందుకు పట్టింది? యంత్రాల వేగం చాలకపోవడం ఒక కారణమే. దానికన్నా బలమైనవి వేరే ఉన్నాయి. అమెరికా ప్రభుత్వం ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌ను ఎగుమతి చట్టాల్లో ఆయుధాల జాబితాలో చేర్చింది. ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో పీజీపీ అనే ఈ-మెయిల్ రక్షణ ప్రోగ్రామును ఉచితంగా పంచితే, అది దేశం దాటిందన్న కారణంతో ఆయనపై జరిగిన దర్యాప్తు 1996 జనవరి దాకా సాగింది. ఆర్‌ఎస్‌ఏ మీద అమెరికాలో 1983 నుంచి 2000 సెప్టెంబరు దాకా పేటెంటు ఉంది. ఎంఐటీ నుంచి వచ్చిన కెర్బరాస్ వంటి మంచి వ్యవస్థలు లేకపోలేదు. అయితే దాన్ని నెలకొల్పాలంటే సంస్థ మొత్తం ఒక కేంద్ర సర్వర్‌ను నమ్ముకోవాలి, దానికొక నిర్వాహకుడు ఉండాలి. సొంతంగా ఒక విద్యార్థి సాయంత్రం కూర్చుని పెట్టుకోగలిగింది కాదు. ఈ మూడింటిలో చివరిదే ముఖ్యమైనదని నా అభిప్రాయం. చట్టాలను, పేటెంట్లను ఎలా దాటవచ్చో తర్వాతి పరిణామాలు చూపించాయి. వాడటం కష్టమైనదాన్ని మాత్రం జనం చేత ఎవరూ వాడించలేకపోయారు.

1995: హెల్సింకి

1994 ఫిబ్రవరి 3న సెర్ట్ ఒక హెచ్చరిక జారీ చేసింది. ఇంటర్నెట్‌లో స్నిఫర్లు నిరంతరంగా పనిచేస్తున్నాయని, పదుల వేల వ్యవస్థల ప్రవేశ వివరాలు ఇప్పటికే చొరబాటుదారుల చేతికి చిక్కాయని అందులో ఉంది. మామూలు పాస్‌వర్డులను నెట్‌వర్క్ మీద పంపడం మానడమే శాశ్వత పరిష్కారమని అప్పటికే నిపుణులు చెబుతున్నారు. మానేసి ఏం వాడాలన్నది ప్రశ్న.

హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో పరిశోధకుడైన టాటు ఉలోనెన్‌కు ఈ ప్రశ్న ఇంటి ముందుకే వచ్చింది. 1995లో ఆ విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో ఎవరో పెట్టిన స్నిఫర్ బయటపడింది. అది వేల సంఖ్యలో యూజర్ పేర్లను, పాస్‌వర్డులను పోగుచేసింది. ఆయన కొన్ని నెలల్లోనే సెక్యూర్ షెల్ అనే ప్రోగ్రామును రాశారు. దాన్ని ఎస్‌ఎస్‌హెచ్ అంటాం.

పోర్టు సంఖ్య వచ్చిన తీరు తెలుసుకోదగినది. ఈ ప్రోగ్రాము ఎఫ్‌టీపీ, టెల్నెట్ రెండింటి స్థానంలోకీ రావాలని ఆయన ఉద్దేశం. 21కీ 23కీ నడుమ 22 ఖాళీగా ఉంది. పోర్టు సంఖ్యలు కేటాయించే సంస్థకు ఆయన 1995 జూలైలో ఈ-మెయిల్ రాస్తే, మరునాడే జాయిస్ రేనాల్డ్స్ నుంచి ఆ సంఖ్య కేటాయించినట్టు జవాబు వచ్చింది. పది సంవత్సరాల కింద ఎఫ్‌టీపీకి స్థిరరూపం ఇచ్చిన ఇద్దరిలో ఆమె ఒకరని పైన చూశాం. ఆ జూలైలోనే ఉలోనెన్ తన ప్రోగ్రామును సోర్స్ కోడుతో సహా ఉచితంగా విడుదల చేశారు. ఆ ఏడాది చివరికి 50 దేశాల్లో సుమారు 20,000 మంది దాన్ని వాడుతున్నారని ఆయన లెక్క.

ఈ వేగానికి కారణం కొత్త గణితం కాదు. అందులోని ఎన్‌క్రిప్షన్ పద్ధతులన్నీ అప్పటికే తెలిసినవి. ఆయన చేసిన తెలివైన పని ఏమిటంటే, పాత అలవాటును చెడగొట్టకపోవడం. ఆర్‌ఎస్‌హెచ్ అని కొట్టే చోట ఎస్‌ఎస్‌హెచ్ అని, ఆర్‌సీపీ అని కొట్టే చోట ఎస్‌సీపీ అని కొడితే చాలు. మిగతా ఆజ్ఞ దాదాపు యథాతథం. వాడేవారు వేళ్లకు కొత్త పాఠం నేర్పనక్కర్లేదు. పైగా ఫిన్లాండ్‌లో రాసిన ప్రోగ్రాముకు అమెరికా ఎగుమతి చట్టం వర్తించదు, ఆర్‌ఎస్‌ఏ పేటెంటూ అక్కడ లేదు. ఇంతకు ముందు మనం చెప్పుకున్న మూడు అడ్డంకులూ ఇలా ఒకేచోట తొలగాయి.

సొరంగం తవ్వడం

ఎస్‌ఎస్‌హెచ్ తెరిచిన రహస్యమార్గంలో ఆజ్ఞలతో పాటు ఇతర సేవల రాకపోకలను కూడా పంపవచ్చు. దీన్ని పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. వెబ్‌సైట్ ఫైళ్ల విషయంలో దాన్ని ఇలా ఊహించుకోండి. మీ కంప్యూటర్‌లో 2121 అనే ఒక పోర్టును ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రాము తెరిచి కూర్చుంటుంది. దూరంగా ఉన్న సర్వర్‌లోని 22వ పోర్టుతో అది ఎన్‌క్రిప్టెడ్ సంబంధం పెట్టుకుంటుంది. మీ పాత ఎఫ్‌టీపీ ప్రోగ్రాముకు సర్వర్ చిరునామా బదులు మీ సొంత యంత్రంలోని 2121ని చూపిస్తారు. అది అక్కడ పడేసిన ప్రతి అక్షరాన్నీ ఎస్‌ఎస్‌హెచ్ గూఢలిపిలోకి మార్చి అవతలికి చేర్చి, అక్కడ విప్పి సర్వర్‌లోని 21వ పోర్టుకు అందిస్తుంది. ఎఫ్‌టీపీ ప్రోగ్రాముకు ఈ సంగతేమీ తెలియదు. దారిలో వినేవారికి అర్థంలేని అక్షరాల వరుస తప్ప ఏమీ కనిపించదు. కార్డు ముక్క మీద రాసినదాన్ని కవరులో పెట్టి అంటించి పంపినట్టన్నమాట.

అయితే ఎఫ్‌టీపీ రెండు దారుల సంగతి ఇక్కడ అడ్డొచ్చింది. పైన కట్టిన సొరంగం ఆజ్ఞల దారిని మాత్రమే కప్పుతుంది. ఫైలు పంపే సమయం రాగానే సర్వర్ తన చిరునామాను, అప్పటికప్పుడు ఎంచుకున్న ఒక పోర్టు సంఖ్యను చెప్పి అక్కడికి రమ్మంటుంది. ఎఫ్‌టీపీ ప్రోగ్రాము సొరంగాన్ని వదిలేసి నేరుగా ఆ పోర్టుకు వెళుతుంది. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే బదిలీ ఆగిపోతుంది. లేకపోతే పాస్‌వర్డు దాగి, ఫైలు మాత్రం బయటి దారిలో వెళుతుంది. అంతా భద్రంగా ఉందనుకున్న వాడుకరికి ఈ తేడా తెలిసే అవకాశం తక్కువ. 1970లలో యంత్రాల మధ్య తేడాలను సర్దడానికి చేసిన ఒక ఏర్పాటు పాతికేళ్ల తర్వాత ఇలా అడ్డం తిరిగింది.

దీనికి రెండు రకాల జవాబులు వచ్చాయి. ఎఫ్‌టీపీని ఉంచి దానికే ఎన్‌క్రిప్షన్ తొడగడం ఒకటి. బ్రౌజర్లకు రక్షణగా నెట్‌స్కేప్ 1995లో తెచ్చిన ఎస్‌ఎస్‌ఎల్, దాని వారసుడైన టీఎల్‌ఎస్ ఇందుకు ఆధారం. దాన్ని ఎఫ్‌టీపీఎస్ అంటారు. ప్రామాణిక పత్రం 2005లో వచ్చింది. రెండు దారుల చిక్కు మాత్రం అలాగే మిగిలింది. పైగా ఆజ్ఞలు కూడా గూఢలిపిలో ఉండటంతో ఏ పోర్టును తెరవాలో ఫైర్‌వాల్‌కు తెలియకుండా పోయింది. రెండో జవాబు ఎఫ్‌టీపీని పూర్తిగా పక్కనపెట్టడం. ఎస్‌ఎస్‌హెచ్ రెండో తరంతో పాటు ఎస్‌ఎఫ్‌టీపీ వచ్చింది. పేరు చూసి దీన్ని ఎఫ్‌టీపీకి అన్నదమ్ములనుకుంటారు, పరీక్షల్లో కూడా ఈ పొరపాటు తరచు కనిపిస్తుంది. ఇది వేరే నియమావళి. ఆజ్ఞలు, ఫైళ్లు అన్నీ 22వ పోర్టు మీది ఒకే సొరంగంలో నడుస్తాయి. విశేషమేమిటంటే ఎస్‌ఎస్‌హెచ్ నియమాలు 2006 జనవరిలో అధికారిక ఆర్‌ఎఫ్‌సీలుగా అచ్చయినా, ఎస్‌ఎఫ్‌టీపీ ఈనాటికీ చిత్తుప్రతి దశ దాటలేదు. ప్రపంచమంతా ఆ చిత్తుప్రతితోనే నడుస్తోంది.

ఎవరి సొరంగం?

ఉలోనెన్ 1995 డిసెంబరులో ఒక కంపెనీ పెట్టారు. తర్వాతి విడుదలల లైసెన్సు క్రమంగా బిగుసుకుంది. 1999లో స్వీడన్‌కు చెందిన బ్యోర్న్ గ్రోన్వాల్ పాత స్వేచ్ఛాయుత ప్రతిని వెదికి పట్టుకుని సరిచేయడం మొదలుపెట్టారు. ఓపెన్‌బీఎస్‌డీ బృందం దాన్ని అందుకుని, 1999 డిసెంబరులో తమ 2.6 విడుదలతో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను లోకానికిచ్చింది. ఆ ప్రాజెక్టు థియో డి రాట్ నాయకత్వంలో కెనడాలోని కాల్గరీ నుంచి నడుస్తుంది. అమెరికా చట్టం తగలకుండా ఎన్‌క్రిప్షన్ పనిని ఆ దేశం బయటే చేయడం వారి విధానం. మరుసటి నెలలోనే, అంటే 2000 జనవరిలో, అమెరికా తన ఎగుమతి నియమాలను బాగా సడలించింది. విండోస్ వాడేవారికి సైమన్ టాటమ్ రాసిన పుట్టీ, ఆ తర్వాత విన్‌ఎస్‌సీపీ వంటి ఉచిత ప్రోగ్రాములు ఈ సొరంగాన్ని మౌస్ నొక్కుల స్థాయికి దించాయి. వెబ్‌సైట్లు నడిపే మామూలు మనుషులకు ఇది అందింది అప్పుడే.

మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్‌ను ప్రారంభించింది 1995 ఆగస్టు 15న, ఎస్‌ఎస్‌హెచ్ విడుదలైన మరుసటి నెలలో. 1998 తర్వాత ఇంటర్నెట్ కంపెనీలకు ఇచ్చిన లైసెన్సుల్లో, ప్రత్యేక అనుమతి లేకుండా 40 బిట్లకు మించిన కీ వాడరాదనే షరతు ఉంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో అప్పటికే 128 బిట్ల కీలు మామూలు. హైదరాబాదులోనో బెంగళూరులోనో కూర్చుని విదేశీ సర్వర్లను నడిపే పరిశ్రమ ఒకవైపు పెరుగుతుంటే, ఈ షరతు మరోవైపు కాగితం మీద ఉంది. 2015 సెప్టెంబరులో కేంద్రం ప్రకటించిన ఎన్‌క్రిప్షన్ విధానం ముసాయిదాలో, వాడుకరులు తమ సందేశాల మామూలు ప్రతిని 90 రోజులు దాచి ఉంచాలనే నిబంధన చూసి జనం అభ్యంతరం చెప్పడంతో దాన్ని కొద్ది రోజుల్లోనే ఉపసంహరించారు.

మొదటి పరిచయం

సొరంగం ఎంత గట్టిదైనా దాని అవతలి చివర ఎవరున్నారన్న ప్రశ్న మిగులుతుంది. కొత్త సర్వర్‌తో మొదటిసారి సంబంధం పెట్టుకున్నప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ ఒక వేలిముద్ర వంటి అక్షరాల వరుసను చూపించి, ఈ యంత్రం నిజమైనదని రూఢి చేయలేకపోతున్నాను, కొనసాగాలా అని అడుగుతుంది. ఆ వేలిముద్రను సర్వర్ యజమాని ఇచ్చినదానితో పోల్చి చూడాలి. చాలామంది అవునని కొట్టేసి ముందుకు పోతారు. అప్పటినుంచి ఆ కీ గుర్తుండిపోతుంది, మారితేనే హెచ్చరిక వస్తుంది. కీలకు సాక్ష్యం చెప్పే సంస్థల ఏర్పాటు 1995లో విస్తృతంగా లేదు కనుక ఈ రాజీ తప్పలేదు. దాన్ని తప్పుబట్టలేం. అది కోరి ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ కూడా కెర్బరాస్ దారిలోనే పోయేది.

మధ్యలో కూర్చున్నవారు ఇద్దరికీ రెండో వ్యక్తిగా నటించవచ్చని 2000లో డగ్ సాంగ్ తన డీస్నిఫ్ సాధనాలతో చేసి చూపించారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను తొలుత రూపొందించిన వారిలో ఆయన కూడా ఒకరు. 2008 మేలో మరో సంగతి తెలిసింది. డెబియన్ అనే లినక్స్ పంపిణీలో 2006లో చేసిన చిన్న సవరణ వల్ల, ఆ యంత్రాల్లో తయారైన కీలు ఒక్కో రకానికి సుమారు 32 వేలకు మించి లేవు. అంటే దొంగ వాటన్నిటినీ వరుసగా ప్రయత్నించి చూడవచ్చు. 2023 మార్చిలో గిట్‌హబ్ తన రహస్య కీ పొరపాటున బయటపడటంతో దాన్ని మార్చింది. అసంఖ్యాకులైన ప్రోగ్రామర్ల తెరల మీద, అవతలి యంత్రం గుర్తింపు మారిందన్న ప్రమాద హెచ్చరిక వచ్చింది. ఈసారి హెచ్చరిక వెనక దొంగ లేడు, అయినా ప్రతి ఒక్కరూ కొత్త వేలిముద్రను వెదికి పోల్చుకోవలసిన రోజది.

దారిని కప్పినంత మాత్రాన ఇల్లు భద్రం కాదని 2009లో గంబ్లర్ అనే హానికర ప్రోగ్రాము చూపించింది. అది సైటు యజమానుల సొంత కంప్యూటర్లలో చేరి ఎఫ్‌టీపీ పాస్‌వర్డులను దొంగిలించి, వాటితో వారి సైట్లనే మార్చేసింది. పాస్‌వర్డు బదులు కీ వాడటం, ఆ కీకి మరో రహస్య పదంతో తాళం వేయడం వంటి పద్ధతులకు ఇలాంటి అనుభవాలు బలమిచ్చాయి. ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లు 2021లో ఎఫ్‌టీపీని తొలగించాయి. అప్పటికి అభయ్ భూషణ్ పత్రానికి సరిగ్గా 50 ఏళ్లు. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0లో ఎస్‌సీపీ ఆజ్ఞ కూడా లోపల ఎస్‌ఎఫ్‌టీపీ పద్ధతికి మారింది. పైకి ఆజ్ఞ మారలేదు, వాడుకరులకు తేడా తెలియలేదు.

చివరి సంఘటన 2024 మార్చి 29 నాటిది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, పరీక్ష దశలో ఉన్న ఒక లినక్స్ యంత్రంలో ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశానికి మామూలుకన్నా సుమారు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి ఆరా తీశారు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జడ్ అనే లైబ్రరీలో ఎవరో ఒక దొంగ ద్వారాన్ని అమర్చారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ స్వయంగా ఆ లైబ్రరీని వాడదు. కొన్ని లినక్స్ పంపిణీలు తమ సౌకర్యం కోసం చేసిన చేర్పు వల్ల అది పరోక్షంగా లోపలికి వచ్చింది. ద్వారం అమర్చిన వ్యక్తి మారుపేరుతో రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి, ఆ లైబ్రరీని ఒంటరిగా చూసుకుంటున్న నిర్వాహకుడి నమ్మకాన్ని సంపాదించాడు. ఆ ప్రతి సర్వర్ల స్థిరమైన విడుదలల్లోకి చేరకముందే ఫ్రాయిండ్ తన పరిశీలనను బహిరంగంగా ప్రకటించారు. పంపిణీదారులు కొన్ని గంటల్లోనే పాత ప్రతికి వెనక్కి వెళ్లారు.